‘అంట’ ఎగిరిపోయిన వార్త

మా అవ్వకు చదువు రాదు. హోసూరు పక్క పల్లెలో పుట్టి, అక్కడే మెట్టి, అక్కడే పోయిన మనిషి. కానీ వార్త ఎలా చెప్పాలో ఆమెకు తెలిసినంత, ముప్పై ఏళ్ళు పత్రికాఫీసులో కూర్చున్న నాకు తెలియలేదు. చిన్నప్పుడు నేను పరుగెత్తుకొచ్చి “అవ్వా, పక్కింటోడు మన కోడిని ఎత్తకపోయినాడు” అంటే ఆమె చేతిలో చేట కింద పెట్టి అడిగేది: “నువ్వు చూసినావా?” “లేదు, బావికాడ చెప్పుకుంటా ఉండారు.” “అట్లయితే ఎత్తకపోయినాడంట అను. చూడంది చూసినట్టు చెప్పొద్దు నాయనా.”

కోస్తా వాళ్ళు ‘అట’ అంటారు, మనవైపు ‘అంట’. చుట్టుపక్కల భాషల్లోనూ ఈ తోక ఉంది. కన్నడంలో ‘బందనంతె’, తమిళంలో ‘వందానాం’. మరాఠీ వాళ్ళు మాట చివర ‘మ్హణే’ అంటారు. నా కళ్ళతో చూడలేదు, ఎవరో అంటే విన్నాను, ఇందులో నిజానిజాలకు నేను పూచీ కాదు అని చెప్పడానికి మన వాళ్ళకు రెండక్షరాలు చాలు. ఇంగ్లీషు వాడికి ఆ తోక లేదు. ఫలానా వారు చెప్పారు అని ప్రత్యేకంగా రాసుకోవాలి. రాయకుండా వదిలేస్తే విన్న మాట కాస్తా చూసిన మాట అయిపోతుంది. ఇంగ్లండులో ఒక పెద్ద పత్రిక అలా వదిలేసింది. పొరపాటున వదిలేసిందా, కావాలని పీకేసిందా అన్నదే నా గొడవ.

ఈ గొడవ ఇప్పుడెందుకంటే, కారణం మా ఊరే. 2025 జూన్ 4న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర, క్రికెట్ జట్టు విజయోత్సవం చూడ్డానికి వచ్చినవాళ్ళలో 11 మంది తొక్కిసలాటలో చనిపోయారు. ఆ తర్వాతి ఆదివారం మా సాహితీ మిత్రుల కూటమిలో కథ చదవాల్సినవాళ్ళు రాలేదు. మాట స్టేడియం మీదికి మళ్ళింది. పత్రికా రంగంలో తలపండిన పెద్దాయన ఒకరున్నారు, నేను ‘అన్నా’ అని పిలుస్తాను. ఆయన అన్నారు: “జనానికి బుద్ధుండాల గదప్పా. అంతమంది ఎగబడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?” “అన్నా, జనం గేటు బయట ఉన్నారు, గేటు తాళం వాళ్ళ చేతిలో లేదు గదా” అన్నాను. ఆ మీదట మాట హిల్స్‌బరోకు పోయింది, అక్కణ్ణుంచి ‘ది సన్’ పత్రికకు. “ఆ పేపరోడు తప్పు చేసినాడు, ఒప్పుకున్నాడు, క్షమాపణ చెప్పినాడు. ముప్పై ఏండ్లు దాటినా ఆ ఊరోళ్ళు పేపరు కొనమని కూర్చుంటే అది న్యాయం కాదు, పగ. నువ్వూ డెస్కు మీద పనిచేసినోడివే, రాత్రి పదిగంటలకు అక్కడ ఏమవుతాదో నీకు తెలీదా?” అన్నారాయన.

తెలుసు. బాగా తెలుసు. అందుకే రాస్తున్నాను. ఆ రోజు ఆయనతో గంటసేపు వాదించాను గానీ ఒక సంగతి దాచాను. అది చివర చెబుతాను.

ముందు జరిగింది చెప్పాలి. మన పాఠకుల్లో చాలామందికి ఫుట్‌బాల్ గొడవ పట్టదు గనుక కొంచెం వివరంగానే చెబుతాను. 1989 ఏప్రిల్ 15, శనివారం. షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో ఎఫ్.ఎ. కప్పు సెమీఫైనల్, లివర్‌పూల్‌కూ నాటింగ్‌హామ్ ఫారెస్టుకూ. లివర్‌పూల్ అభిమానులకు ఇచ్చింది లెపింగ్స్ లేన్ వైపు. అక్కడ నిలబడి చూసే టికెట్లు కొన్న పదివేల పైచిలుకు మందికి లోపలికి పోవడానికి ఉన్నవి ఏడు టర్న్‌స్టైళ్ళు, అంటే ఒక్కొక్కరే నెట్టుకుంటూ దాటే ఇనుప చక్రాలు. మధ్యాహ్నం మూడింటికి ఆట మొదలు. రెండున్నర దాటేసరికి ఆ చక్రాల ముందు మెలగడానికి చోటు లేదు. 2 గంటల 52 నిమిషాలకు, ఆ రోజు బందోబస్తుకు పెద్దగా ఉన్న పోలీసు అధికారి డేవిడ్ డకెన్‌ఫీల్డ్ ఉత్తరువు మీద ‘సి’ గేటు తెరిచారు. సుమారు రెండు వేలమంది లోపలికి వచ్చారు. ఎదురుగా సొరంగంలాంటి దారి కనిపిస్తే అందులోకి నడిచారు. వేరే దారులున్నాయని చెప్పేవాళ్ళు లేరు. ఆ సొరంగం పోయి పోయి మధ్యలో ఉన్న రెండు కంచెగదుల్లో తేలుతుంది. వాటిని అక్కడ ‘పెన్’ అంటారు. మనం పశువుల దొడ్డి అంటామే, అదే మాట. మధ్య దొడ్లు అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి, పక్క దొడ్లలో చోటుంది. గేటు తెరిచేముందు సొరంగం మూసేసి జనాన్ని పక్కలకు మళ్ళించాలి. ఆ పని ఎవరూ చేయలేదు. ముందువైపు మైదానంలోకి దూకకుండా ఎత్తైన ఇనుప కంచె. 3 గంటల 6 నిమిషాలకు ఆట ఆపారు. అప్పటికి ఆ కంచెకు అదుముకుపోయి మనుషులు నిలువునా ఊపిరాడక చనిపోతున్నారు.

నిలువునా అన్నాను, గమనించండి. తొక్కుకుని కాదు. పైన బెంగుళూరు సంగతి చెబుతూ నేను కూడా ‘తొక్కిసలాట’ అని రాసేశాను, చెయ్యి అలవాటు. మన పత్రికలకు వేరే మాట లేదు. గుళ్ళో జరిగినా, పుష్కరాల రేవులో జరిగినా, స్టేడియంలో జరిగినా తొక్కిసలాటే. ఆ మాటలోనే తీర్పు ఇరికి ఉంది. తొక్కిసలాట అంటే ఒకరినొకరు తొక్కుకున్నారు, తొక్కినవాళ్ళూ జనమే, చచ్చినవాళ్ళూ జనమే, మధ్యలో గేటు తెరిచినవాడూ తాళం వేసినవాడూ ఎవడూ లేడు. పత్రికలవాళ్ళం ఈ మాట మార్చుకోవడం గురించి ఏనాడైనా కూర్చుని ఆలోచించామా?

ఇక అబద్ధం సంగతి. మూడుంబావు ప్రాంతంలో, మైదానంలో ఇంకా ప్రాణాలు పోతుండగానే, ఫుట్‌బాల్ అసోసియేషన్ పెద్దలు కంట్రోలు గదికి వచ్చి ఏమయిందని అడిగారు. గేటు తెరవమన్న ఆ అధికారే వాళ్ళతో, అభిమానులు గేటు బలవంతాన తోసుకుని వచ్చారని చెప్పాడు. అక్కణ్ణుంచి రేడియోకు, టీవీకి, వార్తాసంస్థలకు, ప్రపంచమంతటికీ. అది అబద్ధమని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నది 2015లో, మరణ విచారణ కోర్టులో సాక్షిగా నిలబడినప్పుడు. ఇరవై ఆరేళ్ళు పట్టింది.

అక్కడ అభిమానులు చేసిందేమిటి? మైదానం చుట్టూ ఉన్న ప్రకటనల పలకలు పీకి, వాటినే మంచెలుగా చేసి, పడిపోయినవాళ్ళను మోసుకుంటూ పరుగెత్తారు. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదారు. ఆ సమయంలో పోలీసులు, ఇదేదో అల్లరి మూకల దాడి అనుకుని, మైదానానికి అడ్డంగా గోడకట్టినట్టు వరసగా నిలబడి ఉన్నారు. ఆ రోజు 94 మంది పోయారు. నాలుగు రోజుల తర్వాత ఒకరు, దాదాపు నాలుగేళ్ళు స్పృహ లేకుండా ఉండి 1993లో ఒకరు, ఆ రోజు తగిలిన దెబ్బతోనే 2021లో ఇంకొకరు. మొత్తం 97. అందరిలోకీ చిన్నవాడికి పదేళ్ళు.

శనివారం ఈ ఘోరం. ఆదివారం, సోమవారం, మంగళవారం. బుధవారం ఏప్రిల్ 19న ‘ది సన్’ మొదటి పేజీ వచ్చింది. ఆ రోజుల్లో నలభై లక్షల దాకా అమ్ముడయ్యే పత్రిక. పతాక శీర్షిక రెండే మాటలు: ‘ది ట్రూత్’. నిజం. దాని కింద మూడు ఉపశీర్షికలు. కొందరు అభిమానులు చనిపోయినవాళ్ళ జేబులు కొట్టారు. కొందరు వీర పోలీసుల మీద మూత్రం పోశారు. ఊపిరి ఊదుతున్న పోలీసును కొందరు కొట్టారు.

ఈ కథ ఎక్కడ పుట్టిందో 2012లో బయటపడ్డ కాగితాలు చూపించాయి. కొందరు పోలీసులు షెఫీల్డ్‌లోని ఒక స్థానిక వార్తాసంస్థకు చెప్పారు, అక్కడి పార్లమెంటు సభ్యుడు ఇర్విన్ పాట్నిక్‌కు చెప్పారు, పోలీసు సంఘం నాయకుడు వంతపాడాడు. ఆ వార్తాసంస్థ కాపీ ఒక్క ‘సన్’కే పోలేదు, ఇతర పత్రికలకూ పోయింది. వాటిలో కొన్ని అదే చెత్త వేశాయి, కానీ ఎక్కువ భాగం పోలీసుల ఆరోపణ అని వేశాయి. అంటే మా అవ్వ చెప్పిన ‘అంట’ను ఎలాగో అతికించాయి. ‘సన్’లో కూడా లోపల చిన్న అక్షరాల్లో ఎవరు చెప్పారన్నది ఉంది. పైన, బస్సు కిటికీలోంచి చూసినా కనిపించే అక్షరాల్లో లేదు. అక్కడ ఉన్నది ‘నిజం’ ఒక్కటే. సంపాదకుడు కెల్విన్ మెకెంజీ ఆ శీర్షిక తానే పెట్టాడు. ఆ పత్రిక చరిత్ర రాసినవాళ్ళు చెప్పిన ప్రకారం, ముందు ఇంతకన్నా నీచమైన తిట్టు ఒకటి పెడదామనుకుని, ఆలోచించి ఆలోచించి దీనికి దిగాడు. వార్త రాసిన విలేఖరే ఆ శీర్షిక చూసి కంగారుపడ్డాడని కూడా వాళ్ళు రాశారు.

ఇక్కడే మా అన్నగారి మొదటి వాదం వీగిపోతుంది. రాత్రి పదిగంటల డెస్కు అన్నారు. శనివారం సంఘటనకు బుధవారం పత్రిక! మధ్యలో మూడు రోజులు. లండన్ నుంచి లివర్‌పూల్‌కు రైలు ఉంది, ఫోను ఉంది. బతికి బయటపడినవాళ్ళు వేలమంది ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళలో పదిమందిని అడిగి రాయడానికి మూడు రోజులు చాలవా? పైగా తొందరలో చేసే తప్పు వేరుగా ఉంటుంది. తొందరలో మనం అచ్చుతప్పు చేస్తాం, పేరు తారుమారు చేస్తాం, సంఖ్య తప్పు వేస్తాం. కూర్చుని, ఒక శీర్షిక కొట్టేసి, ఇంకొకటి ఎంచుకుని, దానికి ‘నిజం’ అని పేరు పెట్టడం తొందర పని కాదు.

రెండో వాదం మెకెంజీదే. 1993లో పార్లమెంటు కమిటీ ముందు ఆయన చెప్పుకున్నది, ఒక ఎంపీ మాట నమ్మడమే తాను చేసిన పొరపాటని. నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండే మాట ఇది. నమ్మాడంట! ఎవరిని నమ్మాడు? పోలీసును నమ్మాడు, ఎంపీని నమ్మాడు. కొడుకు శవం పక్కన కూర్చున్న తండ్రిని నమ్మలేదు, ఎందుకంటే అడగనేలేదు. నమ్మకం అనేది గాల్లోంచి ఊడిపడదు. ఎవరి మాటకు సాక్ష్యం అక్కర్లేదు, ఎవరి మాటకు ఎంత సాక్ష్యమైనా చాలదు అన్న లెక్క ముందే మనసులో ఉంటుంది. ఆ లెక్క ప్రకారం నమ్ముతాం.

ఆ రోజుల్లో లివర్‌పూల్ అంటే లండన్ వాళ్ళకు చులకన. ఓడరేవు పడిపోయింది, ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, ఊరినిండా నిరుద్యోగులు. 1981లో టాక్స్‌టెత్‌లో అల్లర్లు జరిగాయి, నగర కౌన్సిలు థాచర్ ప్రభుత్వంతో తగువుకు దిగింది. అన్నిటినీ మించి 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు ఎదుటివాళ్ళ మీదికి ఉరికినప్పుడు గోడ కూలి 39 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటలీ వాళ్ళు. ఇది నిజం, దాచవలసిన పని లేదు. ఈ ఊరి తరఫున మాట్లాడేవాళ్ళు కొందరు దాన్ని దాటేసి పోతారు, అది నాకు నచ్చదు. కానీ నాలుగేళ్ళ కిందటి తప్పు వేరే, ఈ రోజు చచ్చిపోయిన పదేళ్ళ పిల్లవాడు వేరే. ఒకసారి పేరు చెడ్డ ఊరి మీద ఏ బురద చల్లినా అతుక్కుంటుందని ఆ పత్రికకు తెలుసు. మనవాళ్ళు ‘చచ్చినవాడి కళ్ళు చారెడు’ అంటారు. పోయినవాడి గురించి కాస్త ఎక్కువే మంచి చెప్పడం మన మర్యాద, ఎగతాళిగా అన్నా సరే. ఇక్కడ శవాలు మట్టిలోకి చేరకముందే, వాళ్ళ పక్కనున్న వాళ్ళను శవాల జేబులు కొట్టే దొంగలన్నారు. అంటే చనిపోయినవాళ్ళ అన్నలను, తమ్ముళ్ళను, స్నేహితులనే.

మనం, రాజధానులకు దూరంగా వేరే భాషల నడుమ బతికే తెలుగువాళ్ళం, దీన్ని కొంత అర్థం చేసుకోగలమనుకుంటాను. మన గురించి మనం రాసుకున్నది మూడొందల కాపీలు. దూరాన ఉన్న పట్నం పత్రిక ఎప్పుడో ఒకసారి మన ఊరి పేరెత్తి రాసేది మూడు లక్షల కాపీలు. అందులో మన గురించి మనకే కొత్త సంగతులు తెలుస్తుంటాయి.

ఆ ఊరు ఊరుకోలేదు. స్థానిక రేడియోకు ఫోన్లు వెల్లువెత్తాయి. పక్కనే ఉన్న కర్క్‌బీలో జనం బజారు మధ్యన ఆ పత్రిక కాపీలు తగలబెట్టారు. అమ్మే దుకాణాల వాళ్ళు మాకొద్దని కట్టలు వెనక్కి పంపారు. కొందరు బల్ల కింద దాచి, అడిగినవాడికి మాత్రం సిగ్గుపడుతూ ఇచ్చారు. అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. ఆ ప్రాంతంలో అమ్మకాలు కుప్పకూలాయి, మళ్ళీ లేవలేదు. ఆ పత్రిక పేరు పూర్తిగా రాయడం కూడా ఇష్టంలేక మధ్య అక్షరం తీసేసి చుక్క పెట్టి రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. టాక్సీల మీద, దుకాణాల మీద ఈ పత్రిక ఇక్కడ అమ్మం, చదవం అని అంటించుకున్నారు. ఇంకో ముచ్చట చెప్పాలి. అదే ఊళ్ళో ఎవర్టన్ అనే ఇంకో జట్టుంది, ఇద్దరికీ మైదానంలో ఉప్పూ నిప్పూ. ఆ దుర్ఘటన జరిగిన వారానికి, ఆ రెండు జట్ల స్టేడియాల మధ్య ఉన్న మైలు పొడవునా ఎరుపూ నీలం కండువాలు ముడివేసి కట్టారు. పత్రిక విషయంలోనూ నీలం వాళ్ళు ఎరుపు వాళ్ళ పక్కనే నిలబడ్డారు.

ఆ సంవత్సరం ఆగస్టులోనే జస్టిస్ టేలర్ మధ్యంతర నివేదిక వచ్చింది. ప్రమాదానికి ముఖ్య కారణం పోలీసుల అదుపు తప్పడమేనని తేల్చింది. ఆ మూడు ఆరోపణలకు ఒక్క సాక్షి కూడా విచారణ ముందుకు రాలేదనీ, అవి పుట్టించినవాళ్ళూ ప్రచారం చేసినవాళ్ళూ నోరు మూసుకుని ఉంటే బాగుండేదనీ ఆయన రాశాడు. 1989 ఆగస్టు! మరి క్షమాపణ ఎప్పుడు వచ్చింది? మా అన్నగారు ‘క్షమాపణ చెప్పినాడు’ అన్నారు గానీ తేదీ చెప్పలేదు. 2004 జూలైలో. పదిహేనేళ్ళకు. అదీ ఎందుకు? లివర్‌పూల్‌లో పుట్టిన వేన్ రూనీ అనే కుర్ర ఆటగాడి కథను ఆ పత్రిక కొనుక్కుని వేసింది. ఊరు ఆ కుర్రవాడి మీద మండిపడింది. అప్పుడు పత్రికకు పశ్చాత్తాపం పుట్టింది. తమ చరిత్రలోకెల్లా ఘోరమైన తప్పు అని రాసి, ఆ పేజీలోనే లివర్‌పూల్ స్థానిక పత్రికలు జనాన్ని ఎగదోస్తున్నాయని ఫిర్యాదు కూడా కలిపింది. క్షమించమని అడుగుతూ పక్కింటివాడి మీద చాడీ చెప్పే క్షమాపణ నేనెక్కడా వినలేదు. 1993లో విచారం వెలిబుచ్చిన మెకెంజీగారు 2006లో ఒక విందులో, నాకేమీ బాధ లేదు, యజమాని చెప్పమంటే చెప్పానని అన్నట్టు బయటికొచ్చింది. 2012లో మళ్ళీ ఘాటైన క్షమాపణ. ఏడుపూ ఆయనదే, నవ్వూ ఆయనదే.

2012 సెప్టెంబరు 12న, లివర్‌పూల్ బిషప్ జేమ్స్ జోన్స్ అధ్యక్షతన స్వతంత్ర సంఘం లక్షల కొద్దీ కాగితాలు తవ్వి నివేదిక ఇచ్చింది. అది వచ్చాక నేను రెండు రోజులు సరిగా నిద్రపోలేదు. 164 మంది పోలీసుల వాంగ్మూలాలను గణనీయంగా మార్చారు. వాటిలో 116 నుంచి పోలీసు శాఖకు ఇబ్బంది కలిగించే మాటలు తీసేశారు. చనిపోయినవాళ్ళందరి రక్తంలో, పిల్లలతో సహా, మద్యం ఉందేమోనని పరీక్షించారు. మద్యం ఉన్నవాళ్ళకు పాత నేరచరిత్ర ఉందేమోనని కంప్యూటర్లో వెతికారు. 41 మందికి బతికే అవకాశం ఉండి ఉండవచ్చునని కూడా తేలింది. ప్రధాని కామెరాన్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. మర్నాడు ‘సన్’ మొదటి పేజీ మీద ‘అసలు నిజం’ అని శీర్షిక. ఇరవై మూడేళ్ళ తర్వాత నిజానికి ముందు ‘అసలు’ అన్న మాట చేర్చవలసి వచ్చిందంటే, మొదటిది ఏమిటో వాళ్ళే చెప్పుకున్నట్టు.

2016 ఏప్రిల్ 26న వారింగ్టన్‌లో కొత్త జ్యూరీ, ఇవి చట్టవిరుద్ధంగా జరిగిన చావులనీ, అభిమానుల ప్రవర్తన ఇందుకు కారణం కాదనీ తీర్పు చెప్పింది. దేశమంతా మొదటి పేజీల్లో వేసింది. మర్నాడు ‘సన్’ మొదటి పేజీ మీద ఆ వార్త లేదు. తర్వాత 2019లో డకెన్‌ఫీల్డ్ నిర్దోషిగా బయటపడ్డాడు. 2021లో వాంగ్మూలాలు మార్చిన కేసు కూలిపోయింది. ఈ మొత్తం ఘోరానికి కోర్టులో పడిన శిక్ష, క్లబ్బు మాజీ కార్యదర్శికి 6,500 పౌండ్ల జరిమానా. ప్రభుత్వోద్యోగులు విచారణల్లో నిజం చెప్పి తీరాలనే బిల్లు 2025 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. ‘నిజం నిలకడ మీద తెలుస్తుంది’ అంటారు మనవాళ్ళు. నిలకడ ఎన్నేళ్ళో ఆ సామెత చెప్పదు. పిల్లల కోసం పోరాడిన తల్లులూ తండ్రులూ కొందరు ఆ నిలకడలోనే పోయారు.

ఇప్పుడు చెప్పండి, ఆ ఊరి వాళ్ళది పగా? కోర్టులో దక్కలేదు. క్షమాపణ వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. వాళ్ళ చేతిలో మిగిలింది రోజూ జేబులోంచి తీసే చిల్లర ఒక్కటే. దాన్ని తీయం అన్నారు. పత్రికాస్వేచ్ఛ దెబ్బతింటుందని మా అన్నగారు చివరి అస్త్రం వేశారు. ప్రభుత్వాన్ని పత్రిక మూయించమని ఎవరూ అడగలేదే! రాసే స్వేచ్ఛ నీకుంటే కొనకుండా ఉండే స్వేచ్ఛ నాకు లేదా? (చందా కట్టని పాఠకుల స్వేచ్ఛ ఎంత గట్టిదో మన పత్రిక సంపాదకులను అడిగితే చెబుతారు.) ఒక్క విషయంలో మాత్రం నాకు తటపటాయింపు ఉంది. 2017లో లివర్‌పూల్ క్లబ్బు ఆ పత్రిక విలేఖరులను తన స్టేడియంలోకి రానివ్వమని నిర్ణయించింది, ఎవర్టన్ కూడా కొన్నాళ్ళకు అదే పని చేసింది. విలేఖరి మీద తలుపు వేయడం ఏ కారణానికైనా నాకు మింగుడుపడదు. రేపు మంచి విలేఖరి మీదా అదే తలుపు పడుతుంది. జనం కొనకపోవడం వేరు, యజమాని గేటు మూయడం వేరు. ఈ కథంతా గేట్ల గురించే గనుక చెబుతున్నాను.

దాచిన సంగతి చెబుతానన్నాను. 1989 ఏప్రిల్ 15 రాత్రి నేను ఒక తెలుగు దినపత్రికలో రాత్రి డ్యూటీలో ఉన్నాను. పత్రిక పేరు ఇప్పుడు అనవసరం, తప్పు నాది. అక్కడ మధ్యాహ్నం మూడంటే మనకు రాత్రి ఏడున్నర. తొమ్మిది లోపే టెలిప్రింటర్ మీద వార్త మొదలయింది. మృతుల సంఖ్య గంట గంటకూ మారుతోంది. అందులో ఒక వాక్యం: అభిమానులు గేటు బద్దలుకొట్టుకుని వచ్చారని అధికారులు చెప్పినట్టు. నాకు దొరికిన చోటు సింగిల్ కాలమ్, పన్నెండు లైన్లు. తెలుగులోకి దించాక పదమూడు లైన్లయింది. ఒక లైను తీయాలి. ‘అని అధికారులు చెప్పారు’ అన్నది తీసేశాను. సరిగ్గా సరిపోయింది. పైన ‘అభిమానుల వీరంగం’ అని శీర్షిక పెట్టి, టీ తాగడానికి కిందికి వెళ్ళాను. మర్నాడు ఎవరూ ఏమీ అనలేదు. మా పత్రికను ఎవరూ తగలబెట్టలేదు. మన ఊళ్ళలో ఆ చనిపోయినవాళ్ళ తాలూకు మనిషి ఎవరున్నారు గనక? ఆగస్టులో టేలర్ నివేదిక వార్త కూడా నా బల్ల మీదికే వచ్చి ఉంటుంది. చోటు లేక పక్కన పడేసి ఉంటాను, గుర్తు కూడా లేదు.

సంపాదకులు ఈ పేజీలో కింది నాలుగు వాక్యాలకు చోటు ఇవ్వాలని కోరుతున్నాను. కుదించవలసి వస్తే పైనున్న వ్యాసంలోంచి కుదించండి.

సవరణ: 1989 ఏప్రిల్ 16 ఆదివారం సంచికలో, ఇంగ్లండులోని హిల్స్‌బరో స్టేడియం దుర్ఘటన గురించి నేను రాసిన వార్తలో, అభిమానులు గేటు బద్దలుకొట్టుకుని లోపలికి వచ్చారని ఉంది. అది తప్పు. గేటు తెరిచింది పోలీసులు. ‘అభిమానుల వీరంగం’ అన్న శీర్షిక కూడా నాదే, దాన్ని ఉపసంహరించుకుంటున్నాను.